దీవి ఖాళీ చేసే ముందు

ఒక దీవి. అందులోని జనమంతా ఒకరోజు కూర్చుని, ఇక కలిసి ఉండొద్దు, ఎవరి దారి వారు చూసుకుందాం అని తీర్మానించుకున్నారు. ఓడలు సిద్ధంగా ఉన్నాయి. జైల్లో ఒక హంతకుడు మిగిలాడు. వాణ్ని ఏం చేయాలి? వదిలేసి పోవచ్చు, వెంటబెట్టుకుని పోవచ్చు. ఇమ్మాన్యుయేల్ కాంట్ మాత్రం ముందు ఆ హంతకుణ్ని ఉరి తీయండి, తర్వాతే ఓడ ఎక్కండి అంటాడు. లేదంటే వాడు చిందించిన నెత్తురు ఊరందరి మెడకూ చుట్టుకుంటుందట. 1797లో న్యాయం, హక్కుల మీద ఆయన రాసిన గ్రంథంలోని ఉదాహరణ ఇది.

మరణశిక్ష మీద తత్త్వవేత్తల మధ్య వాదన పుట్టినప్పుడల్లా ఈ ఊహాదీవి నీటిమీదికి తేలుతూనే ఉంటుంది. కాంట్ ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్ చుట్టుపక్కలు దాటి ఎరగని మనిషి. అయినా యాత్రికులు రాసినవన్నీ చదివి, నలభై ఏళ్ళపాటు విద్యార్థులకు భూగోళం పాఠం చెప్పాడు. 1796 వేసవిలో ఆఖరి పాఠం చెప్పి కుర్చీ దిగాడు. విచిత్రమేమిటంటే సరిగ్గా ఆ ఏడాదే బంగాళాఖాతంలో ఒక దీవి మీది సమాజం నిజంగానే మూటాముల్లె సర్దుకుంది. అక్కడా ఖైదీలున్నారు. కాంట్‌కి ఈ సంగతి తెలిసే అవకాశం దాదాపు లేదు.

ఈస్టిండియా కంపెనీ తరఫున ఆర్చిబాల్డ్ బ్లెయిర్ 1789లో అండమాన్‌లో ఒక వలస నెలకొల్పాడు. మూడేళ్ళకి దాన్ని ఉత్తరాన పోర్ట్ కార్న్‌వాలిస్‌కి మార్చారు. అక్కడి తేమ, జ్వరాలు మనుషుల్ని వరసపెట్టి మింగాయి. 1796లో కంపెనీ ఇక చాలనుకుని దుకాణం కట్టేసింది. తమంతట తాము వచ్చినవాళ్ళు బెంగాల్‌కి తిరిగిపోయారు. ఖైదీల్ని ఓడలెక్కించి పెనాంగ్‌కి పంపారు. ఎవర్నీ ఉరి తీయలేదు, క్షమించనూ లేదు. వాళ్ళకి చేతులున్నాయి, చెట్లు నరకగలరు, ఇంకో దీవిలో అక్కరకొస్తారు. కాంట్ దృష్టిలో ఇంతకు మించిన అవమానం లేదు.

ఎందుకో కాస్త నిదానంగా చూడాలి. కాంట్ ఉరికొయ్య కోసం ఉబలాటపడే మనిషి కాడు. మనిషిని ఎప్పుడూ పనిముట్టుగా మాత్రమే చూడకూడదన్నది ఆయన నీతిశాస్త్రానికి దూలం. నేరస్థుణ్ని శిక్షించేటప్పుడు కూడా ఆ నియమం సడలదు. ఊరికి బుద్ధి చెప్పడానికో, ఖర్చు తగ్గించుకోవడానికో ఒకణ్ని శిక్షిస్తే వాణ్ని వాడుకున్నట్టే. వాడు నేరం చేశాడు కాబట్టి, ఆ ఒక్క కారణానికే శిక్షించాలి. దీవి ఖాళీ అయిపోతుంటే భయపెట్టడానికి ఎవరూ మిగలరు, కాపాడుకోవడానికి ఊరూ మిగలదు. ఏ లాభమూ లేని ఆ ఘడియలో కూడా శిక్ష అమలు చేస్తేనే అది న్యాయం అని తేలుతుందని కాంట్ లెక్క. తర్కం మొత్తం నున్నగా ఉంది. ఆ నునుపే భయం పుట్టిస్తుంది.

అయితే ఆ ఉదాహరణలో జనం చూపు హంతకుడి మీదికే పోతుంది కానీ, అంతకు ముందున్న షరతు మీదికి పోదు. దీవిని విడిచిపోదామన్న తీర్మానానికి అందరూ సమ్మతించాలి. అందరూ అంటే ఎవరు? జైల్లో ఉన్నవాడు చెయ్యెత్తవచ్చా? కాంట్ అదే పుస్తకంలో పౌరుల్ని రెండు రకాలు చేశాడు. సొంత కాళ్ళమీద నిలబడ్డవాళ్ళు ఓటున్న పౌరులు. ఇంకొకరి కింద పనిచేసి బతికేవాళ్ళు, ఆడవాళ్ళు అందరూ చట్టం నీడలో ఉంటారు గాని ఓటుండదు. పెరట్లో కట్టెలు కొట్టే కూలీ ఈ రెండో జాబితాలోనే ఉన్నాడు. ఆ జాబితాలో ఒక భారతీయుడు కూడా కనిపించడం తెలుగు పాఠకుడికి ఆశ్చర్యం కలిగిస్తుంది. సుత్తీ దాగలీ కొలిమితిత్తీ మోసుకుని ఇల్లిల్లూ తిరిగి పనిచేసే భారతదేశపు కమ్మరిని కాంట్ పేరుపెట్టి ప్రస్తావించాడు. తను చేసిన వస్తువుని అంగట్లో పెట్టి అమ్ముకునే ఐరోపా కమ్మరి పూర్తి పౌరుడు, మన కమ్మరి అరపౌరుడు. స్వేచ్ఛ గురించి అంత గొప్పగా ఆలోచించిన మనిషి, ఆ స్వేచ్ఛని రాయడానికి కూర్చున్న బల్ల చుట్టూ వేసిన కుర్చీలు మాత్రం లెక్కపెట్టే వేశాడు.

అండమాన్ చరిత్ర అంతా ఆ కుర్చీల గొడవే.

1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ వాళ్ళకి ఆ దీవులు మళ్ళీ గుర్తొచ్చాయి. 1858 మార్చి 10న డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ రెండు వందల మంది ఖైదీలతో దిగాడు. పారిపోయి పట్టుబడ్డ ఎనభై మందికి పైగా ఖైదీల్ని ఒక్కసారే ఉరి తీయించిన ఘనత ఈయనది. మిగిలినవాళ్ళు అడవులు నరికారు, చిత్తడి పూడ్చారు, రాస్ దీవిలో దొరల బంగళాలు, చర్చి కట్టారు. 1896 నుంచి 1906 దాకా సెల్యులర్ జైలు కట్టింది కూడా ఖైదీలే. ఏడు రెక్కలు, మధ్యలో కావలి బురుజు, ఒక్కొక్కరికి ఒక్కొక్క కొట్టు. తమను బంధించే గోడల్ని తామే పేర్చుకున్నారు. మనిషి తన చేతిపనిలో తనను తాను గుర్తుపడతాడనీ, యజమానికంటే బానిసకే చివరికి ఆత్మజ్ఞానం కలుగుతుందనీ హెగెల్ 1807లో రాశాడు. ఆ జైలు గోడల దగ్గర ఆ మాట గుర్తొస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఖైదీ మెడలో ఇనుప కడియం, దానికి వేలాడే చెక్కబిళ్ళ. దానిమీద నంబరు, ఏ సెక్షన్ కింద శిక్ష పడింది, ఎప్పుడు పడింది, ఎప్పుడు ముగుస్తుంది. మనిషి జాతకమంతా ఆ బిళ్ళ మీదే ఉండేది. జర్మన్ తత్త్వవేత్తల్లో ఫిక్టే అనే ఆయనకి ఇది నచ్చి ఉండేదేమో. కాంట్ ఉదాహరణకు కాస్త అటూ ఇటూగా వచ్చిన తన హక్కుల గ్రంథంలో ఆయన, ప్రతి పౌరుడూ తన ఆనవాళ్ళున్న పత్రమో చిత్రమో దగ్గర పెట్టుకోవాలనీ, ఎవరు ఎక్కడున్నారో పోలీసులకు ఎల్లప్పుడూ తెలిసుండాలనీ రాశాడు. ఫిక్టే విప్లవాన్ని సమర్థించినవాడు, స్వేచ్ఛే మనిషి సారమని నమ్మినవాడు. ఆ నమ్మకం నుంచే ఈ పోలీసు కల ఎలా పుట్టిందో చూస్తే ముచ్చటేస్తుంది. నా స్వేచ్ఛకి హద్దు నీ స్వేచ్ఛ, ఆ హద్దు ఎవరూ దాటకూడదు, దాటకుండా చూడాలంటే అందర్నీ కనిపెట్టుకుని ఉండాలి. మూడు మెట్లు దిగేసరికి జైలు. హెగెల్ దీన్ని చూసి ఎగతాళి చేశాడు. తత్త్వవేత్త పాస్‌పోర్టు నిబంధనలకు మెరుగులు దిద్దుతూ కూర్చోనక్కర్లేదని ఆయన చురక.

ఆ హెగెల్ 1820లో బెర్లిన్‌లో తన న్యాయతత్త్వ గ్రంథం అచ్చు వేయించాడు. స్వేచ్ఛ అంటే ఎవరూ అడ్డుపడకపోవడం మాత్రమే అనుకుంటే అది ఖాళీ సంచి అంటాడాయన. నాకంటూ ఒక వస్తువు ఉండటం మొదటి మెట్టు. నా మనస్సాక్షికి నేను జవాబు చెప్పుకోవడం రెండోది. ఈ రెండూ గాల్లో నిలవవు. ఇల్లు, పనీబాటా, నలుగురితో లావాదేవీ, వృత్తి సంఘం, చట్టం, రాజ్యం వంటివాటిలో కుదురుకున్నప్పుడే నీతి మనిషికి ఊపిరిలా సహజమవుతుంది. అందులో మధ్య అంతస్తు పౌర సమాజం. ఎవరి స్వార్థం కోసం వాళ్ళు బజారుకొచ్చి, తెలియకుండానే ఒకరి అవసరం ఒకరు తీర్చుకునే చోటు అది.

పోర్ట్ బ్లెయిర్ దొరలు హెగెల్‌ని చదివి ఉండరు. అయినా ఆయన మెట్లన్నీ ప్రభుత్వ ఉత్తర్వులతో కట్టేశారు. పదేళ్ళో పన్నెండేళ్ళో మంచి నడవడితో గడిపిన ఖైదీకి సెల్ఫ్ సపోర్టర్ టికెట్టు ఇచ్చేవారు. ఇక వాడు జైలు కూడు తినక్కర్లేదు. ముక్క పొలం చేసుకోవచ్చు, ఆవుని కొనుక్కోవచ్చు, పెళ్ళీ చేసుకోవచ్చు. పెళ్ళికి అనుమతి దొరికినవాడు ఆడఖైదీల జైలుకి వెళ్ళి, అర్హత వచ్చిన స్త్రీలలో ఒకరిని ఎంచుకునేవాడు. ఒప్పుకోవడమో మానడమో ఆమె ఇష్టమే. కాకపోతే వద్దంటే ఉండాల్సింది మళ్ళీ ఆ జైల్లోనే. పెళ్ళి రెండు స్వేచ్ఛల కలయిక అన్న హెగెల్ నిర్వచనానికి కాగితం మీద ఏ లోటూ లేదు. ఆస్తి ఉంది, కుటుంబం ఉంది, బజారుంది. దీవి విడిచి వెళ్ళే హక్కొక్కటే లేదు. పట్నంలో షాదీపూర్ లాంటి పేటలు ఇలాంటి జంటలతోనే మొదలయ్యాయని అక్కడివాళ్ళు చెబుతారు. వాళ్ళ పిల్లలు స్వేచ్ఛగా పుట్టారు. తండ్రిది ఒక భాష, తల్లిది ఇంకొకటి, కులం ఏదో అడిగినా తేలదు. హిందుస్తానీ అందరికీ ఇంటి భాష అయింది. ఏ సంస్కర్తా ఉపన్యాసం ఇవ్వకుండానే, భారతదేశంలో మరెక్కడా అంత తేలిగ్గా జరగని పని అక్కడ జరిగిపోయింది.

తూర్పు దేశాలకి ఒక్కడే స్వేచ్ఛాజీవి అని తెలుసు, గ్రీకు రోమన్లకి కొందరని తెలుసు, అందరూ స్వేచ్ఛాజీవులని జర్మానిక్ ప్రపంచం తెలుసుకుంది అంటూ చరిత్రకి మూడు పీటలు వేసినవాడు కూడా హెగెలే. ఆయన శిష్యుల శిష్యులకి ఈ షాదీపూర్‌ని చూపించి ఏ పీట వేస్తారని అడగాల్సింది.

తెలుగు నేల నుంచి ఆ దీవులకి పోయిన దారి మన్యం అడవుల్లోంచి వెళ్ళింది. 1882 మద్రాసు అటవీ చట్టం కొండవాళ్ళ పోడు మీద కొరడా ఝళిపించింది. తాతల నాటి నుంచి కొట్టుకుని, కాల్చుకుని, విత్తుకున్న కొండ ఒక్క కాగితంతో సర్కారుదైపోయింది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి మనుషుల్ని మళ్ళించి, చాలీచాలని కూలి విదిల్చి వెట్టి చేయించాడు. బట్టిపనుకుల మునసబు గాం గంటందొర, తమ్ముడు మల్లుదొర ఈ ఆగడంలో నలిగి అల్లూరి సీతారామరాజు పక్కన నిలబడ్డారు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద మూడు రోజుల్లో మూడు దాడులు జరిగాయి. ముందుగా కబురు పెట్టి మరీ వచ్చేవాళ్ళన్నది మన్యంలో ఇప్పటికీ చెప్పుకునే మాట.

ఇక్కడ కాంట్‌కీ హెగెల్‌కీ దారులు విడిపోతాయి. ఆపద ఎంత పెద్దదైనా తప్పు ఒప్పు కాదంటాడు కాంట్. ఆకలితో చావబోయే మనిషి ఇంకొకరి సొత్తు ముట్టుకుంటే దాన్ని మామూలు దొంగతనంగా చూడకూడదంటాడు హెగెల్. ప్రాణం పోతే హక్కులన్నీ పోయినట్టే. ఒక మనిషి మొత్తం స్వేచ్ఛని పణంగా పెట్టి ఇంకొకరి సొత్తులో చిన్న ముక్కని కాపాడే చట్టం చట్టం కాదు. హెగెల్ దీన్ని రొట్టెముక్క కోసమే చెప్పాడు, తిరుగుబాటు కోసం కాదు. సైన్యాల్నీ రాజుల్నీ మెచ్చుకున్న ఆయన సీతారామరాజు నడిపిన ఈ రంప పితూరీని మెచ్చుకుని ఉండేవాడు కాదు. అయినా ఆయన ఇచ్చిన వాదనని పట్టుకుని నడిస్తే ఎవరైనా చింతపల్లి ఠాణా దాకా వస్తారు. పోడు పోయిన కొండవాడికి మిగిలింది ప్రాణమే, దానికి అడ్డం పడింది చట్టమే.

1924 మేలో సీతారామరాజు నేలకొరిగాడు. మరుసటి నెలలో గంటందొర. మల్లుదొర అంతకు ముందే 1923లో పట్టుబడ్డాడు. ఉరిశిక్ష పడి, అది యావజ్జీవంగా మారి, అండమాన్ చేరాడు. చాలా ఏళ్ళు అక్కడే గడిచాయి. 1952లో స్వతంత్ర భారతదేశపు మొదటి లోక్‌సభకి విశాఖపట్నం నుంచి ఎన్నికైన ఇద్దరిలో ఒకడు గాం మల్లుదొర. కాంట్ న్యాయాన్ని తు.చ. తప్పక అమలు చేసి ఉంటే ఆ కుర్చీ ఖాళీగా ఉండేది. ఏ రాజ్యం మీద తిరగబడ్డాడని దీవికి పంపారో, ఆ రాజ్యం స్థానంలో వచ్చిన రాజ్యానికి ఆయన చట్టాలు చేశాడు. ఏ తత్త్వవేత్త ఉదాహరణా ఇంత దూరం ఆలోచించలేదు.

సెల్యులర్ జైలు మనిషిని మనిషి నుంచి విడదీయడానికి కట్టిన యంత్రం. ఒక కొట్టు తలుపు ఇంకో కొట్టు తలుపుకి ఎదురుపడదు. పలకరింపు కూడా నేరమే. 1930లలో అక్కడికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది బెంగాల్ విప్లవకారులు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడ్డ ప్రతివాది భయంకరాచారి లాంటి తెలుగువాళ్ళూ ఉన్నారు. 1933 మేలో నిరాహార దీక్ష మొదలైంది. మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మైత్రా ప్రాణాలు పోయాయి. బలవంతంగా గొట్టాలతో పాలు పోయబోతే అవి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళాయి. ఆ చావుల తర్వాత కొట్లలో దీపాలు వెలిగాయి, తిండి కాస్త మెరుగైంది, పుస్తకాలు వచ్చాయి. అక్కణ్నుంచి జైలు నడక మారిపోయింది. ఖైదీలు తరగతులు పెట్టుకున్నారు, చరిత్రా అర్థశాస్త్రమూ చెప్పుకున్నారు. 1935లో కమ్యూనిస్ట్ కన్సాలిడేషన్ పేరుతో సంఘమే పెట్టుకున్నారు. హెగెల్‌ని తలకిందులు చేశానన్న మార్క్స్‌ని చదువుతూ ఆ కుర్రాళ్ళు, హెగెల్ పౌర సమాజం గురించి చెప్పిన అతి ముఖ్యమైన మాటని జైల్లో ఆచరించి చూపించారు. కుటుంబం తర్వాత మనిషిని నీతిలో నిలబెట్టేది తను ఎంచుకుని చేరిన సంఘమే అన్నది ఆ మాట. 1937లో మరో పెద్ద దీక్షకి దిగినప్పుడు ఆ సంఘం బలం తెలిసింది. రెండు వందల మందికి పైగా దీక్షలో కూర్చున్నారు. గాంధీ, టాగోర్ విన్నపాలతో విరమించారు. 1938 మొదటికల్లా రాజకీయ ఖైదీలందర్నీ ప్రధాన భూమికి తిరిగి పంపక తప్పలేదు.

పోర్ట్ బ్లెయిర్‌లోని లంబాలైన్ అనే పేట కథ ఆ తర్వాత మొదలవుతుంది. 1942 మార్చి 23న జపాన్ సైన్యం దిగి, జైలు తలుపులు తెరిచింది. ఖైదీలు బయటికొచ్చారు. కొన్నాళ్ళకి ఆ కొట్లు మళ్ళీ నిండాయి, ఈసారి గూఢచారులన్న నెపంతో పట్టుకొచ్చిన ఊరివాళ్ళతో. లంబాలైన్‌లో విమానాలు దిగే పట్టీ కోసం స్థానికుల చేత వెట్టిచాకిరీ చేయించారు. 1943 డిసెంబర్ 29న సుభాష్ చంద్రబోస్ ఆ పట్టీ మీదే దిగాడు. మర్నాడు జింఖానా మైదానంలో జెండా ఎగరేశాడు. దీవులకి షహీద్, స్వరాజ్ అని పేర్లు పెట్టాడు. ఆయన ఉన్న ఆ రెండు మూడు రోజుల్లో డాక్టర్ దివాన్ సింగ్ సెల్యులర్ జైల్లో చిత్రహింసలు అనుభవిస్తున్నాడు. పంజాబీలో కవి, ఊరికి వైద్యుడు, బోస్ ఉద్యమానికే చెందిన ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్‌కి స్థానిక పెద్ద. జపాన్‌వాళ్ళు బోస్‌కి జైలు చూపించారు, దివాన్ సింగ్‌ని చూపించలేదు. 1944 జనవరి 14న ఆయన చనిపోయాడు. అదే నెల 30న హంఫ్రీగంజ్‌లో 44 మందిని కాల్చి గోతిలో పూడ్చారు.

ఆజాద్ హింద్ ప్రభుత్వం తరఫున పాలకుడిగా వచ్చిన లెఫ్టినెంట్ కల్నల్ ఎ.డి. లోగనాథన్ పోలీసు శాఖని తమకి అప్పగించమన్నాడు. జపాన్ ఒప్పుకోలేదు. చివరికి ఆయన చేతికి నిజంగా వచ్చింది విద్యాశాఖ ఒక్కటే. జెండా, పేరు, ప్రకటన అన్నీ ఉన్నాయి. అర్ధరాత్రి ఎవరి తలుపు కొట్టాలో నిర్ణయించే అధికారం ఇంకొకరి దగ్గరుంది. లోపల ఏమీ లేని స్వేచ్ఛ ఎంత ప్రమాదమో చెప్పడానికి హెగెల్ ఫ్రెంచి విప్లవం దాకా పోయాడు. ఆయన వందేళ్ళ తర్వాత పుట్టి ఉంటే లంబాలైన్ చాలు. దీన్ని బోస్ మీద నిందగా చదవడం తేలిక, కానీ న్యాయం కాదు. యుద్ధంలో ఇంకొకరి ఓడమీద ఉన్నవాడు చుక్కాని అడగడం తప్ప ఏం చేయగలడు?

కాంట్ ప్రశ్న ఆఖరిసారిగా 1945 అక్టోబర్‌లో ఎదురైంది. జపాన్ లొంగిపోయింది, బ్రిటిష్ వాళ్ళు తిరిగొచ్చారు, శిక్షా వలసని ఎత్తేశారు. మిగిలిన ఖైదీలందరికీ శిక్ష మాఫీ. వాళ్ళలో హంతకులూ ఉన్నారు. సొంతూళ్ళకి వెళ్ళదల్చుకున్నవాళ్ళు ఓడ ఎక్కారు. చాలామంది ఉండిపోయారు, అప్పటికే అక్కడ పొలాలున్నాయి, మనవలున్నారు. హంతకుణ్ని వదిలేస్తే నెత్తుటి పాపం ఊరికి చుట్టుకుంటుందన్న భయం నిజమైతే, ఆ దీవుల్లో ఊరు లేవనే కూడదు. ఊరు లేచింది. తాళం వేయకుండా పడుకోగలిగిన ఊరని పాతతరం గొప్పగా చెప్పుకుంటుంది. కాంట్ దీనికి జవాబు చెప్పగలడు. ఫలితం మంచిదైతే న్యాయం అయిపోదు, చచ్చినవాడి లెక్క ఇంకా తేలలేదు అంటాడు. ఆ మాటని కొట్టిపారేయలేం. కానీ ఆ లెక్క తేల్చే హక్కు, మెడకి బిళ్ళకట్టి ముప్ఫై ఏళ్ళు అడవి కొట్టించుకున్నవాళ్ళకి ఎక్కణ్నుంచి వచ్చింది?

స్వాతంత్ర్యం తర్వాత ఓడలు ఇంకో రకం మనుషుల్ని తెచ్చాయి. తూర్పు బెంగాల్ కాందిశీకులకి పొలాలిచ్చారు. ఉత్తరాంధ్ర తీరం నుంచి మత్స్యకారులు వచ్చారు, వాళ్ళ వెనక తాపీ పనివాళ్ళు, కూలీలు, చిల్లర కొట్లవాళ్ళు, మాస్టార్లు. విశాఖ రేవు నుంచి పన్నెండు వందల కిలోమీటర్లు, ఓడమీద దాదాపు మూడు రోజులు. 2011 జనాభా లెక్కల్లో దీవుల జనం 3,80,581. అందులో తెలుగు మాట్లాడేవాళ్ళు యాభై వేల పైచిలుకు, నూటికి పదమూడు మంది. జంగ్లీఘాట్ చేపల రేవు నుంచి విమానాశ్రయం పక్కనున్న లంబాలైన్ దాకా నడిస్తే శ్రీకాకుళం యాస చెవిన పడకుండా ఉండదు.

ఈ వలసకి హెగెల్ దగ్గర ఒక వివరణ ఉంది. పౌర సమాజం ఎంత సంపద పోగేసినా పేదరికాన్ని తీర్చలేదు. ఒక పక్క డబ్బు పేరుకునే కొద్దీ ఇంకో పక్క దిక్కులేని జనం పెరుగుతారు, చివరికి వాళ్ళు సముద్రం దాటి పోవాల్సిందే. నేల మనుషుల్ని ఇంటికి కట్టేస్తే సముద్రం పనికోసం బయటికి లాగుతుందని ఆయన వాదన. వలసరాజ్యాలకి స్వేచ్ఛ ఇచ్చేస్తే యజమాని దేశానికే లాభమని కూడా ఆయన ఆనాడే గ్రహించాడు. ఒక్కటే ఆయన ఊహకి అందలేదు. పలాస నుంచి పోయే జీడిపిక్కల కూలీకీ, భీమిలి జాలరికీ వలసపోవడం ఒక సమాజపు అంతర్గత వైరుధ్యంలా కనిపించదు. ముందు వెళ్ళిన బావమరిది ఉత్తరం రాస్తాడు, ఇతను ఓడ ఎక్కుతాడు.

కట్టెలు కొట్టే కూలీకి కాంట్ ఇవ్వనన్న కుర్చీ ఇక్కడ ఎలా దొరికిందో చూడాలంటే పురపాలక మండలికి వెళ్ళాలి. దీవులకి శాసనసభ లేదు. ఉన్న ఒక్క లోక్‌సభ సభ్యుణ్ని 1967 దాకా రాష్ట్రపతే నియమించేవారు. అందుకే ఇరవై నాలుగు వార్డుల పోర్ట్ బ్లెయిర్ మండలికి ఉండాల్సినదానికంటే ఎక్కువ బరువుంది. 2022 ఎన్నికల్లో భాజపాకీ కాంగ్రెస్‌కీ చెరి పది వార్డులు వచ్చాయి. తెలుగుదేశానికి రెండు. హైదరాబాద్‌లో పుట్టిన పార్టీ సముద్రం అవతల త్రాసు ముల్లు పట్టుకుంది. 2023 మార్చిలో ఆ పార్టీ అభ్యర్థి ఎస్. సెల్వి అధ్యక్షురాలయ్యారు. తెలుగువారి ఆత్మగౌరవం నినాదంతో పుట్టిన పార్టీకి ఆ దీవిలో తమిళపు పేరున్న మహిళ ముఖమవడం, షాదీపూర్ కథ తెలిసినవాళ్ళకి వింతగా తోచదు.

అన్నీ కుదిరాయని కాదు. 2005 నాటి వెనుకబడిన తరగతుల జాబితాలో అక్కడి ఐదు వర్గాలకి చోటు దొరికింది. 1942కి ముందు నుంచీ ఉన్న స్థానికులు, మోప్లాలు, భంతులు, కరెన్లు, బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. తెలుగువాళ్ళు అందులో లేరు. ఎప్పుడు వచ్చావు, ఎవరు తెస్తే వచ్చావు అన్న రెండు ప్రశ్నలు అక్కడ కులం కంటే పెద్దవి. ఓడ టికెట్లో రాయితీ కావాలన్నా ఐలాండర్ కార్డు ఉండాలి. ఫిక్టే పత్రం ఇంకో రూపంలో అందరి జేబులోకీ వచ్చింది, ఈసారి జనమే క్యూలో నిలబడి అడిగి తీసుకుంటున్నారు. గొలుసుగా ఉన్నదే హక్కుగా మారడం ఎలాగో ఆలోచించేవాళ్ళకి ఈ కార్డు మంచి పాఠ్యపుస్తకం.

ఇంత చెప్పాక కాంట్‌కి దక్కాల్సిన మర్యాద ఒకటి మిగిలిపోయింది. 1795లో శాశ్వత శాంతి మీద రాసిన చిన్న పుస్తకంలో ఆయన, పరాయి నేలకి అతిథిగా వెళ్ళే హక్కు ప్రతి మనిషికీ ఉందనీ, అక్కడివాళ్ళ ఒప్పందం లేకుండా పాతుకుపోయే హక్కు ఎవరికీ లేదనీ తేల్చాడు. ఐరోపావాళ్ళు కనిపెట్టామని చెప్పుకునే చోట్ల అక్కడి మనుషుల్ని లేనట్టే లెక్కగట్టారని ఎత్తిపొడిచాడు. మన కమ్మరిని కుర్చీ లోంచి లేపేసిన పెద్దమనిషే, ఈ విషయంలో తన కాలానికి చాలా ముందున్నాడు. బ్లెయిర్ దిగినప్పుడు గానీ, వాకర్ దిగినప్పుడు గానీ గ్రేట్ అండమానీయుల్ని ఎవరూ అడగలేదు. 1859 మేలో వాళ్ళు విల్లంబులతో పోర్ట్ బ్లెయిర్‌లోని అబర్డీన్ మీదికి వచ్చారు. ఆ దాడి సంగతి దొరలకి ముందే చేరవేసింది దూధ్‌నాథ్ తివారీ అనే ఖైదీ. అంతకు ముందు పారిపోయి ఆ ఆదివాసుల మధ్యే బతికాడు, వాళ్ళ పిల్లనే పెళ్ళి చేసుకున్నాడు. కబురు చెప్పినందుకు క్షమాభిక్ష దొరికింది. స్వేచ్ఛ కోసం పారిపోయిన మనిషికి చివరికి స్వేచ్ఛ ఎవరి ఖర్చుతో వచ్చిందో ఏ నీతిశాస్త్రంతో కొలవాలి?

ఆ తెగ తర్వాత రోగాలతో కరిగి కొన్ని పదుల మందికి తగ్గింది. జరవాలనే ఇంకో ఆదివాసీ తెగవాళ్ళు అడవి లోపలికి జరిగి మిగిలారు. వాళ్ళ అడవి మధ్యలోంచే అండమాన్ ట్రంక్ రోడ్డు వేశారు. రిజర్వు ప్రాంతంలో దాన్ని మూసేయాలని సుప్రీంకోర్టు 2002లో ఆదేశించింది. లంబాలైన్ నుంచి ఉత్తరానికి, బారాటాంగ్ వైపు పోయే తెలుగు కుటుంబం ఇప్పటికీ తెల్లవారుజామున జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర ఆగుతుంది. వాహనాలన్నీ వరసగా పోలీసు కాపలాలో కదులుతాయి. మధ్యలో ఆపకూడదు, ఫొటో తీయకూడదు, జరవాలకి తిండి ఇవ్వకూడదు. ఉత్తరాన ఆసుపత్రికి దూరంగా ఉన్న పల్లెల వాళ్ళు రోడ్డు మూస్తే తామెలా బతకాలని అడుగుతారు. ఆ ప్రశ్నా నిజమే. పురపాలక మండలిలో, లోక్‌సభలో, కోర్టులో ఈ రోడ్డు గురించి ఎవరెవరో మాట్లాడారు. ఆ సభల్లో దేనిలోనూ ఇంతవరకు జరవా ఒక్కరూ కూర్చోలేదు.